అరవై మూడో నంబరు లాకరు

ఏడో తరగతి నేను రెండుసార్లు చదివాను. రెండోసారి కూడా అంతా కొత్తగానే ఉండింది. మూడోసారి ఆ మేష్టరుకు నా మొహం చూపించడం పాపమనిపించి, బడి మానేసి మిక్సీలు రిపేరు చేయడం నేర్చుకున్నాను. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి "వీడికేం తెలుసు" అని మీరు అనుకునే లోపల నేనే అనేసుకుంటే ఒక పని అయిపోతుంది.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. నమ్మకపోవడమే కాదు, దయ్యం వేషం కూడా వేశాను. మా బావమరిది ఇంటికి వచ్చినప్పుడు తెల్ల పంచె కప్పుకొని బాత్రూములో కూర్చున్నాను. పాపం, రెండు రోజులు జ్వరంతో పడుకున్నాడు. అప్పటినుంచి మా ఊరు చింతామణిలో నేను ఏ వింత చెప్పినా, జనం మాట వినడానికి ముందు నా మూతి చివర నవ్వు ఉందేమో అని చూస్తారు. ఈ సంగతిలో నాకు అదే పెద్ద ఇబ్బంది అయింది.

నాకొక పిచ్చి ఉంది. అమ్యూజ్‌మెంట్ పార్కుల పాత వస్తువులు పోగేస్తాను. టికెట్లు, చేతికి వేసే పట్టీలు, పార్కు మ్యాపులు, నీళ్ళలో తేలే ట్యూబుల నంబరు బిళ్ళలు. రైడు మీద నోరు తెరిచి అరుస్తున్నప్పుడు తీసి, అట్టలో పెట్టి అమ్మే ఫోటోలు కూడా ఉన్నాయి. అందులో ఉన్నవాళ్ళు ఎవరో నాకు తెలియదు. నా భార్య పద్మ వాళ్ళందరినీ "మీ చుట్టాలు" అంటుంది.

ఈ పిచ్చిలో ఒక కిటుకు ఉంది. పార్కులో అమ్మిన టోపీకి, కీచెయినుకు విలువ లేదు. అవి అందరి ఇళ్ళలో ఉంటాయి. విలువంతా తిరిగి ఇవ్వాల్సిన వాటికే. లాకరు తాళంచెవి, అద్దెకు ఇచ్చే బట్ట, ట్యూబు బిళ్ళ. ఎవరో ఒకరు ఇవ్వకుండా ఇంటికి తీసుకుపోతేనే అవి బయట మిగులుతాయి. అందుకే అవి అరుదు.

కొన్నేళ్ళ కిందట బెంగళూరు దారిలో ఒక నీళ్ళ పార్కు మూతపడింది. పేరు ఎందుకులెండి. దాని సామాను చిక్కబళ్ళాపురలో ఒక పాత ఇనుము అంగడికి చేరింది. అక్కడ నాకు పసుపు రంగు లాకర్ల బీరువా కనబడింది. పన్నెండు తలుపులు, ఒక్కో తలుపు మీద ఒక చేప బొమ్మ, యాభై అయిదు నుంచి అరవై ఆరు దాకా నంబర్లు. మూడు ఎండాకాలాలు ఆరుబయటే పడి ఉందని ఆ అంగడాయన చెప్పాడు. టమాటా టెంపో ఒకటి ఖాళీగా వస్తుంటే దాంట్లో వేసుకొని తెచ్చాను.

పదకొండు తలుపులు తెరుచుకున్నాయి. అరవై మూడు మాత్రం బీగం పడి ఉంది. గాలి కోసం పెట్టిన చీలికల్లోంచి టార్చి వేసి చూస్తే మడత పెట్టిన బట్ట, దానికి ఎర్రటి అంచు కనబడేవి. నేను పగలగొట్టలేదు. మూసి దొరికినదాన్ని మూసే ఉంచాలనేది మాలాంటి వాళ్ళ నియమం. బీగం పగిలితే అది ఇనుప డబ్బా, పగలకపోతే అది చరిత్ర. నా మిక్సీల అంగడికి వచ్చినవాళ్ళు లోపల ఏముందని అడిగితే, మంత్రిగారి అల్లుడి చెడ్డీ ఉందని చెప్పేవాణ్ణి.

పోయిన ఏడాది పెద్దల అమావాస్యకు ముందురోజు. పొద్దున పది గంటలు. బాగేపల్లి నుంచి చేలూరు మీదుగా వచ్చే బస్సు దిగి ఒక పెద్దాయన నా అంగడికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. మిక్సీ జారు అనుకున్నాను.

"ఏమప్పా, తిరగలేదా, కాలిపోయిందా?" అన్నాను.

"మిక్సీ కాదప్పా. మా ఆడమనిషి కోక నీ దగ్గర ఉండాదంట" అన్నాడు.

పక్కన మా పద్మ ఉంది. ఆ మాట వినగానే నావైపు చూసిన చూపుకు నేనే కాలిపోవాల్సింది.

ఆయన పేరు వెంకటరాయప్ప. బాగేపల్లి పక్క పల్లె. పట్టుపురుగులు పెంచే రైతు. పన్నెండేళ్ళ కిందట ఆ పల్లె రైతులంతా ఒక బస్సు మాట్లాడుకొని ఆ పార్కుకు పోయారు. చీరలతో నీళ్ళలోకి పంపరు కాబట్టి ఆయన భార్య ఆదెమ్మ పార్కువాళ్ళు అద్దెకు ఇచ్చిన నైలాను బట్టలు వేసుకుని, తన చీర అరవై మూడో లాకరులో పెట్టింది. రబ్బరు పట్టీకి కట్టిన తాళంచెవి ఈయన మణికట్టుకు వేసుకున్నాడు. అలల కొలనులో అది జారిపోయింది.

ఇద్దరూ వెతికారు. ఇంకో తాళంచెవి మేనేజరు దగ్గర ఉంది, రేపు రండి అన్నారు పార్కువాళ్ళు. బయట బస్సు హారను కొడుతోంది. ఆదెమ్మ ఆ నైలాను బట్టల మీద తువ్వాలు కప్పుకొని, ఊరివాళ్ళందరి మధ్య తల దించుకుని ఇంటికి వచ్చింది. ఆ రేపు రానే లేదు. ఒక పంట అయ్యాక పోయి తెస్తానని ఈయన అన్నాడు, ఇంకో పంట అయ్యాక అన్నాడు. ఈలోపల పార్కు మూతపడింది.

ఆ చీర వాళ్ళు పెంచిన మొదటి పట్టుగూళ్ళు అమ్మి కొన్నది. పోయిన ఏడాదికి ముందు ఏడాది ఆదెమ్మ పోయింది. పెద్దలకు పెట్టే రోజున పోయినవాళ్ళ ఫోటో ముందు వాళ్ళు ఇష్టపడిన తిండి, బట్ట పెడతారు కదా. ఆమెకు పెట్టడం ఇదే మొదటిసారి. ఆయన కూతురు వాట్సాప్‌లో నా బీరువా ఫోటో చూసి, తలుపు మీద చేప బొమ్మ, నంబరు తండ్రికి చూపించింది.

"కొత్త కోక తెచ్చింది మా పాప. కొత్తది ఎవురైనా పెడతారప్పా. తెస్తానని నేను మాటిచ్చింది దాన్ని" అన్నాడు.

టార్చి ఇచ్చాను. చీలికకు కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. "అదే అంచు" అన్నాడు. మళ్ళీ నేను చూశాను. ఎర్ర అంచు. పద్మ కూడా చూసింది. ముగ్గురం చూశామన్నది గుర్తు పెట్టుకోండి.

అప్పుడు ఆయన సంచిలోంచి నైలాను బట్ట తీశాడు. నీలం రంగు, ఎదమీద చేప బొమ్మ, మెడపట్టీ లోపల నల్లటి అక్షరాలతో 212. ఇంత బాగున్నది నేను ఎక్కడా చూడలేదు. నా మొహం ఎట్లా వెలిగిందో, పద్మ గొంతు సవరించుకుంది.

"ఇది నాకిచ్చేస్తావా అప్పా?"

"నాది కాదు కదప్పా ఇచ్చేదానికి. వాళ్ళది వాళ్ళకిచ్చి నాది తేవాల అనేది ఆమె. ఏడాదికి నాలుగుసార్లు అనేది."

"వాళ్ళు యాడుండారు? పార్కే లేదే."

"లాకరు ఉండాది కదా. దాంట్లో పెట్టేసి పోతా."

నియమం పక్కన పెట్టి, బీగం పగలగొట్టకుండా తీసే బాషాకు ఫోన్ చేశాను. చింతామణి బస్టాండు దగ్గర తాళంచెవులు చేస్తాడు. అరగంటలో వస్తానన్నాడు. ఆ అరగంటలో నేనొక వెధవ పని చేశాను. ఎట్లాగూ ఆ బట్ట నా బీరువాలోనే ఉండబోతోంది కదా అని, నా పద్ధతిలో పేపరు చుట్టి, పురికొసతో అడ్డం నిలువు కట్టి, నేను ఎప్పుడూ వేసే ముడి వేసి, పైన స్కెచ్ పెన్నుతో నేను పోగేసిన వస్తువులకు వేసే వరుస నంబరు రాశాను.

"ఆయప్ప ఇయ్యనే లేదు, అప్పుడే నంబరు ఏస్తాండావా?" అంది పద్మ.

పొట్లం బల్ల మీద పెట్టాను. దాని పక్కనే పద్మ కూర్చుని పెద్దాయనకు కాఫీ ఇచ్చింది. పొట్లాన్ని ఎవరూ ముట్టలేదు.

బాషా వచ్చి కింద కూర్చుని పని మొదలుపెట్టాడు. కాసేపటికి "నీళ్ళు యాడనుంచి వస్తాండాయి?" అన్నాడు. అరవై మూడో తలుపు కింది అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి. అతను వేసిన నూనె అనుకున్నాను. వేలితో ముట్టి వాసన చూశాను. నీళ్ళ పార్కుల్లో, ఈత కొలనుల్లో వచ్చే బ్లీచింగ్ పౌడరు వాసన.

తలుపు తెరుచుకుంది. లోపల చీర లేదు. నీలం నైలాను బట్ట నాలుగు మడతలు పెట్టి ఉంది. తడిగా. అప్పుడే విప్పినట్టు, పిండకుండా పెట్టినట్టు నీళ్ళు కారుతూ. బాషా దాన్ని ఎత్తి విదిలిస్తే మెడపట్టీ కనబడింది. 212.

వెంకటరాయప్ప నావైపు చూశాడు. కోపంగా కాదు. కోపమైతే బాగుండేది.

"ముసలోనితో ఆటలాడతాండావా అప్పా? బస్సెక్కి వచ్చినానే" అన్నాడు.

బాషా నవ్వాడు. నా సంగతి వాడికి తెలుసు. పద్మ కూడా నా మూతినే చూస్తోంది. జీవితంలో మొదటిసారి నిజం చెప్పడానికి నోరు తెరిచాను. మా అమ్మ మీద ఒట్టు వేశాను. పెద్దాయన తల తిప్పుకుని, గోడకు చేయి ఆనించి చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన అట్లాగే వెళ్ళిపోయి ఉంటే, ఆ రోజు తర్వాత నేను మళ్ళీ ఎవరినీ నవ్వించి ఉండేవాణ్ణి కాదు.

పద్మే పొట్లం తీసుకుంది. ముడి నాదే. రాత నాదే. పురికొస కత్తెరతో కత్తిరించి పేపరు విప్పింది.

లోపల చీర ఉంది. పసుపు రంగు, ఎర్ర అంచు. ఎండిన బట్ట, మడతలు గట్టిగా పడి ఉన్నాయి.

వెంకటరాయప్ప ఒక చెప్పు కాలికి, ఒకటి నేల మీద ఉండగానే వెనక్కి వచ్చాడు. చీర పట్టుకుని కొంగు వెతికాడు. పట్టుపురుగుల షెడ్డులో చలికాలం పెట్టే కుంపటి నిప్పురవ్వ పడి కాలిన చిన్న బొక్క ఉంది. చుట్టూ తెల్ల దారంతో కుట్టు. దాంట్లో చూపుడువేలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

మాతో కాదు, తనలో తానే అన్నాడు. "వాళ్ళది వాళ్ళకి ఇచ్చేసింది."

ఆయన భయపడలేదు. మేము ముగ్గురం భయపడ్డాం. బాషా తన పనిముట్లలో ఒకటి మర్చిపోయి వెళ్ళాడు, ఇప్పటికీ దానికోసం రాలేదు. పెద్దాయనను నేనే బస్సు ఎక్కించాను. సంచి ఒడిలో పెట్టుకుని రెండు చేతులు దాని మీద వేసుకున్నాడు. మరుసటి రోజు సాయంత్రం కూతురు ఫోన్ చేసి, అమ్మకు ఆ చీరే పెట్టామని, నాయన ఆ పూట కడుపునిండా తిన్నాడని చెప్పింది.

తర్వాత నాకు తోచిన లెక్కలన్నీ వేసి చూశాను. పెద్దాయన రెండు బట్టలు తెచ్చాడా? పొట్లం కట్టింది నేను, 212 చదివింది నేను. చీలికలో చూసింది పొరపాటా? ముగ్గురం పొరబడతామా? సరే, అదీ పొరపాటే అనుకుందాం. ఆ నీళ్ళో? మూడు ఎండాకాలాలు ఎండిన ఇనుము. మా ఇంటి కొళాయిలో ఆ వాసన లేదు. బట్టను దండెం మీద వేస్తే మామూలు బట్టలాగే సాయంత్రానికి ఆరిపోయింది. ఏడో తరగతి లెక్కలకు ఇది అందదు. ఇంకా పైకి చదివినవాళ్ళను అడిగాను, వాళ్ళకూ అందలేదు. కొందరు నా మూతి చూసి నవ్వి వెళ్ళారు.

ఆ నీలం బట్ట అరవై మూడులోనే ఉంది. దానికి నేను నంబరు వేయలేదు. ఆ తలుపుకు బీగమూ వేయలేదు.

మొన్న బీరువా దుమ్ము తుడుస్తూ, నా భయం దాచుకోవడానికి పద్మతో పరాచికమాడాను. ఆదెమ్మ మళ్ళీ వస్తుందేమో, వస్తే కాఫీ నువ్వే ఇవ్వాలి అన్నాను.

మిగతా పదకొండు తలుపుల్లో నేను నింపిన తాళంచెవులు, బిళ్ళలు, పట్టీలు ఒకసారి చూసి పద్మ అంది:

"ఆయమ్మ ఎందుకొస్తాదప్పా? ఆయమ్మ పని అయిపోయింది. సచ్చిపోయి గూడా ఊరోళ్ళ బట్ట వాపసిచ్చింది. బతికుండి నువ్వేమి వాపసిచ్చినావో చెప్పు ముందు."