పేర్చిన బట్టీ

"రేపు పొద్దుగాల జేసీబీ వస్తది. గిప్పుడు బట్టీ అంటుపెడ్తనంటవేందమ్మా? చుట్టూ ఇండ్లున్నయ్. పొగొస్తే ఊకుంటరా?"

"ఊకోకుంటే తలుపులేసుకుంటరు. వాళ్ల తాతల గోడలకు సున్నం యాడికెళ్లి పోయిందంట?"

"పేర్చిన చెయ్యే నిప్పు పెట్టాలె అని ఇన్నేండ్లు నువ్వేగద అన్నవ్!"

"రాళ్లు అందిచ్చింది నేను. గది చెయ్యి కాదా?"

నా కొడుకు తల పట్టుకున్నాడు. వాడు కాలేజీ బస్సు నడుపుతాడు. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక ఉన్న సున్నపు బట్టీని తీసేసి, శేరిగూడ కాలేజీ పిల్లలకు కిరాయి గదులు కట్టాలని వాడి ఆలోచన. తప్పని నేననలేదు. ఖాళీ జాగా అన్నం పెట్టదు.

కానీ ఆ బట్టీలో మా ఆయన చివరిసారి పేర్చిన రాయి అట్లాగే ఉంది. అడుగున తుమ్మ మొద్దులు, పైన ఒక వరుస సున్నపురాయి, ఒక వరుస బొగ్గు. ఆ రాయిని చెలకల్లో గడ్డపారలతో తవ్వి బండ్ల మీద తెచ్చేవాళ్లం. కాలిన రాయి మీద నీళ్లు చల్లితే బుస్సుమని పొంగి పిండయ్యేది. పెండ్లి పెట్టుకున్నవాళ్లు, గోడ లేపేవాళ్లు మా వాకిట్లో నిలబడేవాళ్లు.

పేర్చిన సాయంత్రమే ఆయనకు ఛాతీలో నొప్పి లేచింది. దవాఖాన నుంచి ప్రాణంతో రాలేదు. మరిది నిప్పు పెడతానంటే, ఆచారం కాదని నేనే వద్దన్నాను. తర్వాత సిమెంటు వచ్చింది, రంగు డబ్బాలు వచ్చాయి. సున్నం అడిగేవాళ్లు లేకపోయారు. వానకు తడవకుండా రేకులు కప్పి ఉంచాను.

"అత్తమ్మా, అంటుపెడితే దినాలకు దినాలు కాల్తది. జేసీబీ ఆగుతదా?" అంది కోడలు.

"ఆగుమను."

"మళ్ల ఎప్పుడు దొరుకుతదో ఏమో. కాలినంక గా సున్నం ఏంజేస్తవ్? అన్నంల కలుపుకుంటవా?" అన్నాడు కొడుకు.

"మీ బాపు పని సగంల ఉన్నదిరా."

"బాపు పోయిండమ్మా."

అవ్, పోయాడు. నేను లేచి గిన్నెలు కడిగి పడుకున్నాను. ఏడుపేం రాలేదు.

పొద్దున జేసీబీ వచ్చింది. రేకులు తీసి, రాళ్లు ఎత్తి పునాది గుంటలో పోసింది. చెద పట్టని మొద్దులు ఏరుకున్నాను. వాటితో పొయ్యి అంటించి నీళ్లు కాగబెట్టాను. కొడుకు స్నానం చేసి బస్సు తీయడానికి పోయాడు.