మంచం కింది బ్యాటరీలు

2021 మే నెల. కోలారు బంగారు గనుల ఊరైన రాబర్ట్‌సన్‌పేటలో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. బ్యాటరీలు, డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, ఇళ్ళలో ఇన్వర్టర్లు, ఇవే నా పని. అంతకుముందు గనిలో లాంప్ రూంలో మూడేళ్ళు చేశాను. భూమి లోపలికి దిగే కార్మికుల టోపీ దీపాలకు ఉండే బ్యాటరీలను చార్జ్ చేసే గది అది. గని మూతపడ్డాక చేతిలో ఉన్న విద్య అదొక్కటే కాబట్టి బ్యాటరీలనే నమ్ముకున్నాను. ఈ సంగతి మొదటే ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ రాయబోయే తప్పును నేను తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు.

ఆ నెలలో ఒకరోజు మునిరత్నం అన్న తన పాత మినీ బస్సును తెచ్చి షాపు ముందు ఆపాడు. ఆయన గనిలో డ్రిల్లింగ్ పని చేసినవాడు. రాయిని తొలిచేటప్పుడు లేచే దుమ్ము ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్ ఆయనకు ఉంది. గని పోయాక ఇదే బస్సులో బడిపిల్లలను తిప్పాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చే స్థితికి చేరాక ఆ పనీ మానేశాడు. ఇప్పుడు సీట్లన్నీ పీకించి, లోపల మంచం, చిన్న వంటగట్టు, ఫ్యాను పెట్టించుకున్నాడు.

"ఏమన్నా, ఇల్లు కట్టినావా?" అన్నాను.

"చక్రాలుండే ఇల్లప్పా. మీ వదినకు వంటిల్లు, నాకు పడకిల్లు. జగడమైతే లేసిపోయేదానికి మాత్రం జాగా లేదు," అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

ఆ ఇల్లు ఎందుకో ఆయన చెప్పకముందే నాకు తెలుసు. జూన్ నుంచి ఆగస్టు దాకా మా ఊళ్ళో గాలికాలం. సైనైడుతో బంగారం తీసేసుకున్నాక మిగిలిన రాతిపిండిని పోగుపోసిన సైనైడ్ దిబ్బలు ఊరి పక్కనే కొండల్లా ఉన్నాయి. గాలి వీచినప్పుడు ఆ పిండి లేచి మునిరత్నం అన్న వాళ్ళుండే గని క్వార్టర్స్‌లోకి వస్తుంది. అన్నం గిన్నె మీద, దిండు మీద, నాలుక మీద. మామూలు మనిషి తుడుచుకుని పనికి పోతాడు. మునిరత్నం అన్నకు మాత్రం ఆ మూడు నెలలు గండం. గౌనిపల్లి దగ్గర ఆయన భార్య సరోజమ్మ అన్నగారి మామిడితోట ఉంది. గాలికాలమంతా బస్సును ఆ తోటలో నిలిపి అక్కడే ఉండిపోవాలని వాళ్ళ ఆలోచన. ఆయనకు ఊపిరాడే చోటు కోసం చేయించుకున్న బండి అది.

ఇలాంటి బండిలో రెండు రకాల బ్యాటరీలుంటాయి. ఇంజను స్టార్ట్ చేసేది ఒకటి. లోపలి ఫ్యాను, లైట్లు, మిగతా సామాను నడిపేవి వేరు, వాటిని హౌస్ బ్యాటరీలంటారు. ఇక్కడ అవి నడపాల్సిన ముఖ్యమైన వస్తువు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్. అది సిలిండరు కాదు. చుట్టూ ఉన్న గాలినే లోపలికి లాక్కుని, నైట్రోజన్‌ను వేరుచేసి, ఆక్సిజన్‌ను సన్నటి గొట్టంతో ముక్కుకు అందిస్తుంది. చుట్టూ ఉన్న గాలి బాగుండాలి.

నేను రెండు ట్యూబులర్ బ్యాటరీలు వేశాను. ఇవి యాసిడ్ నీళ్ళు పోసే రకం. చార్జ్ అయ్యేటప్పుడు లోపల నీళ్ళు మరిగినట్టు బుడగలు వస్తాయి, గ్యాసు, దానితోపాటు యాసిడ్ తుంపర బయటికి వస్తాయి. అందుకే వీటిని మనుషులు పడుకునే చోట పెట్టకూడదు. పెట్టక తప్పకపోతే మూసిన పెట్టెలో పెట్టి, ఆ పెట్టె నుంచి బండి బయటికి వెంట్ పైపు వేయాలి. నేను మంచం కింద పెట్టాను. కేబుల్ తక్కువ పడుతుంది, వెల్డింగు పని ఉండదు, సాయంత్రానికల్లా అయిపోతుంది. సరైన సైజు పైపు ఆ రోజు షాపులో లేదు.

"వచ్చే వారం వచ్చి పైపొకటి వేసేస్తానన్నా," అన్నాను.

"దానికేమప్పా, నిదానంగా రా," అన్నాడాయన.

నేను వెళ్ళలేదు. దాని వెనక పెద్ద కారణమేమీ లేదు. ఆ వారం వేరే పనులు వచ్చాయి, తర్వాతి వారానికి మర్చిపోయాను. పైగా బ్యాటరీలు త్వరగా నిండాలని బస్సులోని ఇన్వర్టర్ చార్జింగును ఎక్కువ మీద పెట్టాను. కాన్సన్‌ట్రేటర్‌ను మంచం కాళ్ళ దగ్గరే బిగించాను. అది గాలి లాక్కునే జాలీ సరిగ్గా బ్యాటరీల వైపుంది.

మరుసటి ఏడాది, 2022 ఏప్రిల్‌లో సరోజమ్మ ఫోన్ చేసింది. మెషిన్ రెండు గంటలకే కూతపెట్టి ఆగిపోతోందట. కరెంటు పోయినప్పుడల్లా ఆయన బస్సులోనే పడుకుంటున్నాడు కాబట్టి వెంటనే రమ్మంది. క్వార్టర్స్‌కు వెళ్ళి మంచం పలక ఎత్తాను.

బ్యాటరీల పైభాగమంతా తడి. టెర్మినళ్ళ మీద పచ్చటి తెల్లటి పొక్కులు. కింది ఇనుప రేకు పొరలు పొరలుగా లేచిపోయింది. నీళ్ళు ఆవిరై బ్యాటరీల లోపలి సీసపు పలకలు బయటపడ్డాయి. మంచం మీది దుప్పటి అంచు కిందికి వేలాడుతోంది, దాని నిండా చిన్న చిన్న బొక్కలు. కొన్నిటికి చక్కగా అతుకులు వేసి ఉన్నాయి.

"ఎలుకలప్పా," అంది సరోజమ్మ. "యాడినించి వస్తాయో తెలీదు. దుప్పట్లు, ఈయన పంచెలు అన్నీ కొరికేసినాయి. బోను పెట్టినా ఒక్కటీ పడలే."

యాసిడ్ తుంపర పడిన నూలుబట్ట అలాగే బొక్కలు పడుతుంది. లాంప్ రూంలో నా చొక్కాలన్నీ అలాగే ఉండేవి.

"అన్నకు ఎట్లుండాది?" అని అడిగాను.

"పోయినేడు తోటకు పోతిమి గదా. నెల తిరగకనే గొంతు మంట, కండ్లు మంట. కోలారు డాక్టరుకు చూపిస్తిమి. తోట పక్కన ఏముండాది అని అడిగినాడు. టమాటా చేను సార్, వారం వారం మందు కొడతారు అంటిమి. అదే పడలేదు, ఇంగ ఆ తోటకు పోవద్దండి అన్నాడు. ఆ తోట మీద ఎంత ఆశ పెట్టుకున్నాడో ఈ మనిషి!"

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. డాక్టరు తనకు చెప్పినదాన్ని బట్టి చెప్పాడు. మంచం కింద ఏముందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాను. నేనన్నది ఇది:

"బ్యాటరీలు ముసలివైపోయినాయి వదినా. ఇప్పుడు లిథియం అని కొత్త రకం వచ్చింది. అవి వేసి, బయట చాసిస్‌కు పెట్టె కట్టి అందులో పెడదాం. మంచం కింద మీకు జాగా కూడా వస్తుంది."

"అట్లయితే బియ్యం డబ్బా పెట్టుకోవచ్చు," అని ఆమె సంతోషపడింది.

ఆ పనిని నా జీవితంలో ఏ పనీ చేయనంత శ్రద్ధగా చేశాను. వెనక చక్రం వెనకాల, సైలెన్సర్ వేడి తగలని చోట, రోడ్డు నీళ్ళు ఎగసినా అందని ఎత్తులో, మందపాటి రేకుతో పెట్టె కట్టించాను. బ్యాటరీ దూరమయ్యే కొద్దీ దారిలో కరెంటు నష్టమవుతుంది కాబట్టి మునుపటికంటే లావు కేబుల్ లాగాను. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాను, కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుంటే మంట పుట్టకముందే అది కాలిపోవాలి. లిథియం బ్యాటరీలో బి.ఎం.ఎస్. అని చిన్న కాపలా సర్క్యూటు ఉంటుంది, ఎక్కువ నిండినా మరీ ఖాళీ అయినా అదే ఆపేస్తుంది. ఇన్వర్టర్ చార్జింగును దానికి తగ్గట్టు మార్చాను. నిజానికి ఈ రకం మామూలుగా గ్యాసు వదలదు, లోపల పెట్టినా పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ ఆ మంచం కింద మళ్ళీ బ్యాటరీ అనేది ఉండకూడదనిపించింది.

చివరిగా మంచం కింది రేకును వంటసోడా నీళ్ళతో కడిగాను. యాసిడ్ ఉన్నచోటల్లా బుసబుసమని నురగ లేచింది.

"ఏమప్పా అది, అట్ల పొంగుతా ఉండాది?" అని సరోజమ్మ వంగి చూసింది.

"పాత మురికి వదినా," అన్నాను.

కూలి తీసుకోలేదు. దాన్ని వాళ్ళు నా మంచితనమనుకున్నారు. మునిరత్నం అన్న తెలిసినవాళ్ళందరికీ నా షాపు పేరు చెప్పాడు. ఆయన పంపారంటూ ఇద్దరు ముగ్గురు వచ్చారు కూడా. వాళ్ళ పనీ చేసిపెట్టాను.

గాలికాలం మొదలైంది. బస్సు తోటకు వెళ్ళలేదని నాకు తెలుసు, ఎందుకంటే క్వార్టర్స్ మీదుగా వెళ్ళినప్పుడల్లా అది అక్కడే కనిపించేది. రేపు చెబుదామనుకునేవాణ్ణి. బండి వేగం పెంచి దాటిపోయేవాణ్ణి.

ఆగస్టు మొదట్లో సరోజమ్మ షాపుకు వచ్చింది. కరెంటు పదే పదే పోతోంది, ఆయన మెట్లు దిగి బస్సు దాకా రాలేకపోతున్నాడు, బస్సులోంచి ఇంట్లోకి వైరు లాగిపెట్టమని అడిగింది. వెళ్ళాను. కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. అయినా నేల మీద నడిస్తే దుమ్ములో అడుగుజాడలు పడుతున్నాయి. మునిరత్నం అన్న కుర్చీలో ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి, ఒక్కొక్క ఊపిరినీ కష్టపడి తీస్తున్నాడు.

"ఈ దుమ్ములో ఎందుకుండారన్నా, గౌనిపల్లికి పోకూడదా?" అన్నాను. తెలిసే అడిగాను. ఎందుకడిగానో ఇప్పటికీ నాకు తెలియదు.

"మర్చిపోతివా? డాక్టరు... వద్దనె గదప్పా... టమాటా మందు."

"టమాటా మందు కాదన్నా," అన్నాను.

అప్పుడు చెప్పాను. పైపు వేయకపోవడం, చార్జింగు ఎక్కువ పెట్టడం, దుప్పటి బొక్కలు, సోడా నురగ, అన్నీ. నేను మాట్లాడినంతసేపూ మెషిన్ గుయ్యిమంటూనే ఉంది.

సరోజమ్మ గోడకు ఆనుకుంది. "రెండు నెలలుగా ఈ మనిషిని ఈ దుమ్ములో కూర్చోబెట్టుకోని ఉండానే," అంది. "వాకిట్లో బండి పెట్టుకోని. నువ్వు దినామూ ఈ దోవనే పోతా ఉంటివి గదా!"

మునిరత్నం అన్న తల ఎత్తాడు.

"లాంప్ రూంలో... నీ చేతినించే దీపం తీసుకొంటి. ఎవరన్నా కిటికీ మూస్తే... గ్యాసు నిలుస్తుందని... నువ్వే అరుస్తా ఉంటివి."

"అవునన్నా."

"మరి?"

నేను చేతిలోని వైరు చుట్టను కింద పెట్టాను.

"సరోజా, ఆస్పత్రి ఫైలు తే," అన్నాడు. నా చేతికి ఇప్పించాడు. "నోటితో చెప్తే డాక్టరు నమ్మడు. నువ్వే రాయి."

ఒక తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా చదివాడు. ఒకచోట వేలు ఆపాడు.

"పొరపాటున అని రాసినావే. అది కొట్టెయ్."

"అన్నా..."

"పైపు మర్చిపోయింది పొరపాటు. ఏప్రిల్‌లో చూస్తివి గదా. దాని తర్వాత పొరపాటేముండాది? కొట్టెయ్."

కొట్టేశాను.

ఆ కాగితం చూసి డాక్టరు తోటకు వెళ్ళొచ్చన్నాడట. రెండు రోజుల్లో వాళ్ళు బయలుదేరారు. బండి నేను నడుపుతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు, సరోజమ్మ అన్నగారి కొడుకు వచ్చి నడిపాడు. తోటలో గొంతు మంట రాలేదు. ఆగస్టు చివర ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చారు. అక్కణ్ణుంచి మళ్ళీ తోటకు పోయే ఓపిక రాలేదు. నవంబరులో పోయాడు. ఆ ఊపిరితిత్తులు ఎటూ బాగయ్యేవి కావని డాక్టరు చెప్పాడట. నాకు ఆ మాట చెప్పినవాళ్ళు నా మేలుకోరే చెప్పారు. కానీ డాక్టరు ఆ మాట గని దుమ్ము గురించి అన్నాడు, నా గురించి కాదు.

పదకొండో రోజు వెళ్ళాను. పొమ్మంటుందనుకున్నాను. సరోజమ్మ కూర్చోమంది.

"తోటలో పద్దెనిమిది దినాలు ఉన్న్యాడప్పా," అంది. "రేత్రి పూట కాళ్ళు చాపుకోని పండుకొనె. మూడేండ్లయ్యింది ఆయప్ప అట్ల పండుకొని."

ఆ మాటను క్షమించినట్టుగా తీసుకునే ధైర్యం నాకు లేదు. జూన్ మొదటి తేదీ నుంచి ఆ తోటలో ఆయనకు ఎన్ని రాత్రులు దక్కాల్సిందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ పనిలో ఉన్న చిన్నవాళ్ళు బండిలో బ్యాటరీలు ఎక్కడ పెట్టాలని నన్ను అడుగుతుంటారు. పెట్టె కొలతలు, కేబుల్ లావు, ఫ్యూజు, పైపు అన్నీ చెబుతాను. పాత పని విప్పినప్పుడు కనబడినదాన్ని ఆ ఇంటివాళ్ళ ముందే, ఆ నిమిషమే చెప్పెయ్యమని కూడా చెబుతాను, ఆ పాత పని తమదైతే మరీను. ఎందుకని అడిగితే ఈ కథంతా చెబుతాను. వినేవాళ్ళు పైపు దగ్గరే ఆగిపోయి, అయ్యో, చిన్న పైపు ఎంత పని చేసింది అంటారు. పైపు వేయకపోవడం ఒక్క వారం బద్ధకం. చెప్పకపోవడం మాత్రం నాలుగు నెలలపాటు, షాపు తలుపు తీసిన ప్రతి ఉదయమూ, నేను మళ్ళీ మళ్ళీ కావాలని చేసిన పని.