పరగడుపు షుగర్ వేళ డిస్కు పరీక్ష

మా డయాగ్నొస్టిక్ సెంటర్ సర్వర్‌కు సరైన డిస్కును ఎంచింది నేనేనని గౌలిపురలో ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. నా మౌనం వల్లే నిలబడింది కనుక నిజం కూడా నేనే రాయాలి.

సెంటర్‌లో కంప్యూటర్లు చూసుకునేది నేనే అయినా నాకు డిగ్రీ లేదు. కంప్యూటర్ల గురించి తెలిసిందంతా లైబ్రరీలో కూర్చుని చదువుకున్నదే. పెద్ద ఫైలు ఒకటి కాపీ చేసి డిస్కు వేగం తేల్చకూడదు, సర్వర్ రోజూ చేసే పనితోనే కొలవాలి అని అక్కడే నేర్చుకున్నాను. కంచన్‌బాగ్ నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరుకు ఆ మాట గొప్పగా చెప్పాను కూడా.

సెంటర్ నడిపే డాక్టరుగారు రెండు డిస్కులు తెప్పించి ఒకటి ఎంచమన్నారు. ఇన్ని చదవడాలు, ఇన్ని రాయడాలు అని పుస్తకంలో ఉన్న పాళ్లనే డిస్కు వేగం కొలిచే టూల్‌కు ఇచ్చాను. మొదటి డిస్కు గెలిచింది.

ఇంజనీరు మాత్రం మర్నాడు పొద్దున్నే వెళ్లి రిసెప్షన్ అక్క పక్కన కూర్చున్నాడు. ఆరేళ్లలో నన్ను ఒక్కసారీ కూర్చోమనని అక్క అతనికి చాయ్ తెప్పించింది.

"డిగ్రీల గిదే నేర్పిన్రా భాయ్, కౌంటర్ కాడ కూసునుడు?" అన్నాను.

"నువ్వే చెప్తివి గదన్నా, సర్వర్ ఏం పని జేస్తదో గదే కొలవాలని. గదే సూస్తున్న."

అక్క నావైపు చూడనైనా లేదు. "గీళ్లంత పరగడుపు షుగరోళ్లు తమ్మీ. టిఫిన్ తిని మళ్ల ఒక్కసారే వస్తరు. గప్పుడు సూడు, కంప్యూటర్ పండుకుంటది."

ఆరేళ్లలో నేనడగని సంగతి అతనికి ఒక్క పూటలో దొరికింది.

ఆ రద్దీలో సర్వర్ డిస్కును చదవమని, రాయమని అడిగినవన్నీ అతను రికార్డు చేశాడు. వాటిని అదే వరసలో మళ్లీ అడిగే టూల్ ఒకటి వెతికి రెండు డిస్కుల మీదా నడిపాడు. ఒక్కో పేషెంటు వివరం డిస్కు మీద నిజంగా పడేదాకా మా సర్వర్ ఆగుతుంది. నా పరీక్షలో ఆ ఆగడమే లేదు. నేను ఎంచిన డిస్కు అక్కడే తడబడింది, రెండోది నిలిచింది.

ఫలితాల కాగితం చూసి, అది నా పనేననుకుని డాక్టరుగారు నా భుజం తట్టారు. "లైబ్రరీ చదువంటే ఇట్లుండాలె!"

ఇంజనీరు పక్కనే నిలబడి నవ్వాడు. కోపంగా చూసి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో. ఆ నవ్వు చూసి నోరు రాలేదు. కొన్ని నెలలకు అతను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అక్క ఇంకా అతని గురించే అడుగుతుంది.

మూసే వేళ దాటినా చదువుకోనిచ్చిన లైబ్రేరియన్‌కు, డాక్టరుగారికి, అక్కకు కృతజ్ఞతలు. ఆ ఇంజనీరుకు కూడా. డిస్కు అతను ఎంచిందే. ఈ మాట ఇష్టంగా రాయడం లేదు, అయినా రాస్తున్నాను.