సీటు కింద ఒండ్రు

ఆ నాలుగు చక్రాల బైకు సంగతి మా ఆయన చెవిన వేసింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే వాళ్ల ఇంటి ముందుకు పోయి నాలుగు దులిపి వచ్చేదాన్ని. రెండేళ్ల కింద చెరకు ట్రాలీ మీదపడి మా ఆయన కుడికాలు నుజ్జయింది. కాలు మిగిలింది గానీ దాంట్లో సత్తువ మిగల్లేదు. కట్టె పట్టుకుని అరుగు దాకా వచ్చి కూర్చుంటాడు. దారిన పోయే ప్రతివాడినీ ఆపి మా మడిలో నీళ్లున్నాయా అని అడుగుతాడు. నేను పొలం నుంచి రాగానే పోలీసులాగా మళ్లీ అవే ప్రశ్నలు. నాకు తిక్క రేగేది. అయినా ఒక్కొక్కదానికీ బదులు చెప్పేదాన్ని.

వర్ని ఊరి దిక్కున ఉన్న మా పొలానికి గట్ల మీదుగా, బురదలో పోవాలి. మూడు చక్రాల స్కూటర్ అక్కడ దిగబడుతుంది. ఈ బండి అయితే బురదను లెక్కచేయదట. బొటనవేలితో మీట ఒత్తితే కదులుతుంది, బ్రేకులు చేతికే ఉంటాయి, కాలితో పనే లేదు. ఎక్కడో రిసార్టులో పట్నపు పిల్లలను తిప్పిన బండి అది. ఆ రిసార్టు మూతపడ్డాక బోధన్ అవతల ఒక రైతు ఇంటికి చేరిందట. ఇప్పుడు ఇంజన్ పనిచేయడం లేదు కాబట్టి అమ్ముతున్నారు.

ఆటో మాట్లాడుకుని ఇద్దరం పోయాం. ఇంటి ముసలాయన మమ్మల్ని కొట్టంలోకి తీసుకుపోయి టార్పాలిన్ లాగాడు. ఎర్ర బండి. ఒక పక్కంతా గీసుకుపోయి ఉంది.

"ఊకెనే నిలవెట్టినం గదా బిడ్డా, ఇంజన్ పట్టేసింది" అన్నాడు.

నేను సీటు ఎత్తి చూశాను. మూలల్లో బూడిద రంగు ఒండ్రు అప్పడంలా ఎండిపోయి ఉంది. దాంట్లో చిన్నచిన్న నత్తగుల్లలు. మా బతుకంతా కాలువ నీళ్ల మీదే గడిచింది, తూము దగ్గర పేరుకునే ఒండ్రు నాకు తెలియనిదా?

"బండి నీళ్లల్ల వడ్డదా బాపూ?"

"వానకు తడిసింది బిడ్డా."

"మీ దిక్కు వానల నత్తలు గూడ కురుస్తయా?"

ముసలాయన నవ్వలేదు. నవ్వకపోతే పోనీ, నా మొహం వైపు కూడా చూడలేదు.

ఆలోపు మా ఆయన కుడికాలును రెండు చేతులతో ఎత్తి అటుపక్క వేసుకుని బండి మీద కూర్చున్నాడు. చచ్చిన బండి మీద కూర్చుని హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతున్నాడు. రెండేళ్లలో ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు.

సరే, మంచిగా జరిగిపోనీ అనుకుని, "ఇంటి ఆడమనిషిని పిలువు బాపూ, బొట్టువెట్టి ఇయ్యమను" అన్నాను. ఆవునో ఎద్దునో అమ్మితే ఆ ఇంటి ఆడమనిషి పసుపు కుంకుమ పెట్టి సాగనంపడం మా దగ్గర ఆనవాయితీ. ఇష్టపడి ఇచ్చారని అది గుర్తు. బొట్టు లేకుండా తోలుకొచ్చిన పశువు కొట్టంలో నిలవదంటారు. మా ట్రాక్టర్ అమ్మినప్పుడు కూడా నేనే బొట్టు పెట్టి పంపాను.

"ఆమె రాదు" అన్నాడు ముసలాయన.

"ఎందుకు రాదు? మేమేమన్న దొంగసొమ్ము కొంటున్నమా?" నా గొంతు ఎప్పుడూ పెద్దదే. ఇంట్లోకి వినిపించింది.

తలుపు తెరుచుకుంది. ముప్పై కూడా నిండని మనిషి గడప లోపలే నిలబడింది. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. అప్పుడు అర్థమైంది నాకు. భూమి చీలితే అందులో దూరిపోదును.

"పొలానికి జల్దీ అయితదని మా ఆయన కాలువ కట్ట మీదికెళ్లి పోయేటోడక్కా" అంది ఆమె. "కట్ట జారి బండి నీళ్లల్ల వడ్డది. ఆయన దాని కిందనే వడ్డడు. ఇంట్ల నాకు బండి సప్పుడు ఇనబడుతనే ఉండె. ఆగింది. ఉరికిన. నేను వోయేసరికి ఏం లేదు."

ఆమె బయటికి రాలేదు. బొట్టు పెట్టలేదు. "పైలం" అని జాగ్రత్త చెబుతూ ఒక్కమాట అని తలుపు వేసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలోనే పోట్లాట మొదలుపెట్టాను. "మనకు వద్దే వద్దు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"నాకు తొక్కనీకె కాలేడున్నది?" అన్నాడు మా ఆయన.

ఆటో డ్రైవర్ అద్దంలో మమ్మల్ని చూసి చూపు తిప్పుకున్నాడు. మా ఆయనే మళ్లీ, "గా అరుగు మీద కూసొనే సచ్చిపోవాల్నా నేను?" అన్నాడు. కోపంగా అని ఉంటే బదులు చెప్పేదాన్ని. మెల్లగా అడిగాడు. నేను ఏడ్చేశాను.

చివరికి ఒక్క షరతు పెట్టాను. మా పొలానికి కూడా కాలువ కట్టే దగ్గరి దారి. అటు పోవద్దు, ఎంత దూరమైనా ఎర్రమట్టి పోసిన మొరం రోడ్డు మీదుగా చుట్టు తిరిగే మా గట్ల దాకా పోవాలి. "నీ మీద ఒట్టు" అని నా నెత్తిన చెయ్యి పెట్టాడు.

బండిని కొని నిజామాబాద్‌లో మెకానిక్ దగ్గర వేశాం. పిస్టన్ మార్చి, సిలిండర్‌కు బోరు చేయించాలన్నాడు. ఇంజన్ విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. లోపలి నుంచి కూడా అదే బూడిద రంగు మట్టి రాలింది. అతను దాన్ని వేళ్లతో నలిపి, "అక్కా, ఇంజన్‌కైతే నేను గ్యారంటీ ఇస్త" అన్నాడు. మరి దేనికి ఇయ్యవని అడగలేదు.

బండి ఇంటికి వచ్చిన రోజు నేనే బొట్టు పెట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాను. వాళ్లింటి బొట్టు లేని లోటు నా బొట్టుతో తీరుతుందా? ఆ అనుమానం పోలేదు. మా ఆయన మాత్రం మొదటి రోజే పొలానికి పోయి, కలుపును, కూలీలను, పక్క పొలంవాణ్ని నోటినిండా తిట్టుకుంటూ తిరిగి వచ్చాడు. పాత మనిషి వచ్చాడు. దేవుడా, చాలు అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం బండి కడుగుదామని బకెట్ తీసుకుపోయాను. చుట్టు తిరిగే రోడ్డంతా ఎర్ర మొరమే, మా గట్ల మీది బురద కూడా ఎరుపే. వెనుక చక్రం మీది రేకు కింద చెయ్యి పెడితే వేళ్లకు మెత్తగా తగిలింది. బూడిద రంగు ఒండ్రు, అందులో ఒక నత్తగుల్ల. ఇంకా తడిగానే ఉంది.

"ఏమే, అన్నం వెడ్తవా? ఆకలైతంది" అని లోపల నుంచి కేకేశాడు. రెండేళ్ల తర్వాత ఇంట్లో ఆ గొంతు మళ్లీ వినబడుతోంది. ఊరంతా నా నోటికి భయపడుతుంది. అలాంటి నేను చేతులు కడుక్కుని పోయి అన్నం వడ్డించాను. రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు. ఒట్టు మాట ఎత్తలేకపోయాను.

ఈ పొద్దున కూడా పోయాడు. కాలువ దిక్కు నుంచి బండి చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. ఆగితే ఉరకాలని చెప్పులు గడప దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.