కాలువలో కలిసిన మన్ను

కంగ్టి వైపు పల్లె నుంచి రుక్కమ్మ కోడలిగా వచ్చిన ఏడాది, పొలం పైభాగంలో నాగలి జానెడు లోతు దిగేది. ఇరవై రెండేళ్ళు గడిచేసరికి అదే చోట ట్రాక్టర్ పళ్ళు అడుగునున్న గరుసు మొరాన్ని గీకి కీచుమంటున్నాయి.

మనూర్ దారిలో ఉన్న ఆ పొలం ఏటవాలుది. పైన మన్ను పలచన, కింద చిక్కన. మామ పోయాక అన్నదమ్ములు ముగ్గురూ ఎవరికీ అన్యాయం జరగకూడదని పైనుంచి కిందికి మూడు పట్టీలుగా కోసి చీట్లు వేసుకున్నారు. ఒక్కో పట్టీ పాతిక గజాల వెడల్పు, మూడు వందల గజాల పొడవు. నారాయణఖేడ్ చుట్టుపక్కల ఇంత న్యాయంగా ఎవరూ పంచుకోలేదని పెద్ద బావ మాణిక్యప్ప ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ మాట వింటే చాలు, రుక్కమ్మకు ఒళ్ళు మండుతుంది.

అంత సన్నటి పట్టీలో ట్రాక్టర్ అడ్డంగా తిరగలేదు. నిలువునా దున్నాల్సిందే. వాన పడితే ఆ నిలువు చాళ్ళలో నీళ్ళు పరుగెత్తి, పైమన్నంతా తీసుకుపోయి రోడ్డు పక్క కాలువలో పోస్తాయి. రాయి నలిగి వేలెడు మందం మన్ను కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. అది కొట్టుకుపోవడానికి నాలుగు గట్టి వానలు చాలు.

రుక్కమ్మ ఉపాధి పనిలో ఎనిమిదేళ్ళు గుట్ట మీద అడ్డ కందకాలు తవ్విన మనిషి. వాలుకు అడ్డంగా చిన్న గీత ఉన్నా నీళ్ళు ఎలా ఆగుతాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఇంట్లోవాళ్ళకే.

ఏటా ఎండాకాలంలో ముగ్గురూ కాలువలో చేరిన మన్నును తోడి, తట్టలు లెక్కపెట్టి పంచుకుని, మళ్ళీ పైకి మోస్తారు. భర్త శివరాజ్ పట్నంలో సెంట్రింగ్ పనిలో ఉంటాడు కాబట్టి అతని వాటా రుక్కమ్మే మోయాలి. ఈ ఏడు మృగశిరకు పది రోజుల ముందు ఆమె తట్ట కింద పడేసింది.

"బావా, మూడు పట్టీలు కలిపి అడ్డంగ దున్నిద్దాం. పైనా కిందా హద్దురాళ్ళు పాతుదాం. కోతప్పుడు తాడు గుంజి ఎవరిది వాళ్ళు కోస్కుందాం."

"గెట్లు పోతయ్ గద పిల్లా?"

"గెట్టేడుంది బావా? నా దిక్కు నువ్వో చాలు, నీ దిక్కు నర్సింగో చాలు తింటనే ఉన్నరు."

"నన్నెందుకు గుంజుతవ్ వదినె? నాకైతే సై," అన్నాడు చిన్నవాడు నర్సింగ్.

నర్సింగ్ సై అంటే ఏం లాభం? నడుమ పట్టీ మాణిక్యప్పది. ఆయన ఒప్పుకోకపోతే ట్రాక్టర్ దాటదు. రుక్కమ్మ పట్నానికి ఫోన్ చేసింది.

"అన్న ఏమంటే గదే," అన్నాడు శివరాజ్.

"గా ముక్క కోసమే ఫోన్ చేసిన్నా నీకు?" అని పెట్టేసింది.

మాణిక్యప్ప మాత్రం నింపాదిగా పంచుతున్నాడు. "నాకొక తట్ట. నర్సింగ్‌కొక తట్ట. శివరాజ్‌కొక తట్ట."

"బావా, ఇందుల నీ మన్నేది, నా మన్నేది?"

"ఎట్ల తెలుస్తది? అంత కలిసిపాయె."

"కాలువల కలిస్తే లేని పరేషాన్, చేన్ల కలిస్తే ఏంది?"

"కాలువ వేరు, చెల్క వేరు," అని ఇంకో తట్ట పోశాడు.

రుక్కమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. తన కుప్ప వైపు చూసింది. ట్రాక్టర్ ట్రాలీకి సరిపడా ఉంది. పైన తన మొరం మీద పరిస్తే ఈ ఏడు కంది నాలుగు కాయలు ఎక్కువ కాస్తుంది.

"నా వాటా గుడ నువ్వే తీస్కో బావా. ట్రాక్టర్‌ను అడ్డంగ పోనియ్యి."

మాణిక్యప్ప కుప్పను చూశాడు, ఆమెను చూశాడు. "ఒక్క ఏడే!"

"ఒక్క ఏడే."

హద్దురాళ్ళను ఆయన రెండుసార్లు పీకించి మళ్ళీ పాతించాడు. మలుపులు ఎక్కువైతున్నయని ట్రాక్టర్ నడిపే సుధాకర్ సాయంత్రం దాకా సణిగాడు. నర్సింగ్ ఒక్కడే ఏమీ అనలేదు, ఎందుకంటే పడుకున్నాడు.

మృగశిరలో రెండు రోజులు గట్టి వాన కురిసింది. మూడో పొద్దున రుక్కమ్మ పరుగులాంటి నడకతో పొలానికి వెళ్ళింది. అడ్డచాళ్ళలో నీళ్ళు ఎక్కడివక్కడ నిలిచి ఇంకుతున్నాయి. కాలువలో ఒండ్రు వేలెడు కూడా లేదు. ఆ కాలువ ఒడ్డునే మాణిక్యప్ప పార, తట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొహం గంటు పెట్టుకున్నాడు.

"ఏందే రుక్కమ్మా, గీసారి మన్నే రాలె!"

"ఏడికి పోయి ఉంటది బావా?"

"గదే నేనడుగుతున్న!"

ఆమె చెయ్యెత్తి పొలం వైపు చూపించింది. ఆయన తలెత్తి, పై చాళ్ళ దాకా చాలాసేపు చూశాడు. తన పట్టీలో పరిచిన రెండు వాటాల మన్నూ పరిచినచోటే ఉంది. తట్ట కింద పెట్టాడు.

"అయితే వచ్చేయేడు గుడ గిట్లనే దున్నితే, ఎండాకాలం నేను మోసేదేంది?"

రుక్కమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏం మొయ్యకు బావా. ఇంట్ల కూసో," అని పెసర విత్తనాల సంచి చంకన పెట్టుకుని పైకి నడిచింది.