మిరప షెడ్డులో నా కుడి చెంప

ఆ రోజు పొద్దున మొహం కడుక్కుంటుంటే కుడి చెంపలో కరెంటు షాక్ కొట్టినట్టయింది. చేతిలో చెంబు కింద పడింది. నాలుగైదు సెకన్లలో నొప్పి పోయింది. పన్ను పుచ్చిందేమో అనుకుని పనికి వెళ్ళిపోయాను.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా ఆయన లారీ డ్రైవరు, ఇంట్లో ఉండేది తక్కువ. నేను పదేళ్ళుగా మిరపకాయల తొడిమలు తీసే షెడ్డుకి వెళ్తున్నాను. ఘాటుకి అందరం ముక్కూ నోరూ మూసి గుడ్డ కట్టుకుంటాం. నా పక్క పీట శేషక్కది. చుట్టం కాదు, అంతకన్నా ఎక్కువ. కబుర్లలో పడితే మాకు పొద్దే తెలిసేది కాదు.

వారంలో షాకులు ఎక్కువయ్యాయి. నమిలినా, మాట్లాడినా, గాలి తగిలినా వచ్చేవి. ఘాటు వల్లేనేమోనని గుడ్డ ఇంకా బిగించి కట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ గుడ్డ చెంపకి రాసుకోవడం వల్లే నొప్పి మరీ ముదిరింది. పళ్ళ డాక్టరు "ఎక్స్‌రేలో ఏమీ లేదమ్మా" అంటున్నా వినకుండా పట్టుబట్టి రెండు దవడ పళ్ళు పీకించుకున్నాను. పళ్ళు పోయాయి, నొప్పి పోలేదు.

ఇక మాట్లాడటం మానేశాను. అంతమంది మధ్య కూర్చుని ఏడ్చేదాన్ని. మిరపకాయల దగ్గర కళ్ళల్లో నీళ్ళు ఎవరికి రావు? ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ రోజుల్లోనే మాచర్లలో శేషక్క వాళ్ళమ్మ చనిపోయింది. దినాలయ్యాక అక్క పనికొచ్చి నా పక్కన కూర్చుంది.

"చివర్లో నన్నే అడిగిందంటనే. నేను పోయేసరికే అయిపోయింది," అంది.

సరిగ్గా అప్పుడే చెంపలో మొదలైంది. ఒక్క మాట అనలేక తల దించుకున్నాను.

"ఏందే, ఓ మాటంటే నోట్లో ముత్యాలు రాలతయ్యా?"

మర్నాడు తన పీట అవతలి వరసలో వేసుకుంది. ఆ రోజు పడ్డ బాధ ముందు చెంపనొప్పి నాకు లెక్కలోకి రాలేదు.

చివరికి గుంటూరులో న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే, చెంపకి కొంగు అడ్డం పెట్టుకోవడం చూసి ఆయన, "ఫ్యాను గాలికి కూడా వస్తోందా అమ్మా?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. నా నొప్పి ఇంకో మనిషికి తెలుసని అప్పుడే తెలిసింది. ఎంఆర్ఐ చూసి, "ట్రైజెమినల్ న్యూరాల్జియా. మొహం నరానికి రక్తనాళం ఒత్తుకుంటోంది. పళ్ళ తప్పేం లేదు," అన్నాడు.

కార్బమజెపైన్ మాత్రలు మొదలుపెట్టాక నొప్పి తగ్గింది గానీ, తల తిరిగి ఒకరోజు షెడ్డులోనే పడిపోయాను. ఆ మాత్రల వల్ల రక్తంలో సోడియం తగ్గిందట, తర్వాత డోసు మార్చారు. పడిన రోజు ముందుగా పరుగెత్తుకొచ్చి నా మొహం మీద గుడ్డ లాగింది శేషక్కే.

"ఏమైందే? మొహం ఇంత పీక్కుపోయిందేందే?"

"అమ్మ సంగతి చెప్పిన రోజు ఈ చెంపనొప్పికే నాకు నోరు పెగల్లేదక్కా," అన్నాను.

ఇప్పుడు ఎప్పుడో ఒకసారి షాక్ వస్తుంది. మాత్రలు మానలేదు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. శేషక్క పీట నా పక్కకే వచ్చింది, పాత కబుర్లు మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

నేను చెప్పేది ఒక్కటే. నొప్పి కాస్త సద్దుమణిగినప్పుడు, పక్కన కూర్చునే మనిషికి దాని సంగతి చెప్పండి. నోట మాట రాకపోతే కాగితం మీద రాసివ్వండి. శేషక్క ఈమధ్యే చెప్పింది, అవతలి వరసలో ఉన్నన్నాళ్ళూ వాళ్ళమ్మని తలుచుకుని రోజూ ఏడ్చేదట. ఆ కన్నీళ్ళు నేనూ చూశాను. మిరప ఘాటే అనుకున్నాను.