పాస్‌పోర్టుకు పసుపు బొట్టు

అక్క కెనడాలో నర్సు. అక్కడ శాశ్వత నివాసి, పౌరురాలు మాత్రం కాదు. పాస్‌పోర్టు ఇప్పటికీ మన దేశానిదే. ఈ తేడా మా ఇంట్లో ఎవరికీ తలకెక్కలేదు. అందుకే ఆమె రాయగడ వచ్చిన రోజే ఒక కాగితం రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ఒకటి, తిరుగు విమానం ఎక్కాలంటే పాస్‌పోర్టు, అక్కడి శాశ్వత నివాసానికిచ్చిన పీఆర్ కార్డు రెండూ ఉండాలి. రెండు, ఒకదానికి బదులు మరొకటి చెల్లదు. మూడు, పాస్‌పోర్టు గడువు అయిపోవస్తోంది, ఇక్కడే కొత్తది తీసుకోవాలి. నాలుగు, కార్డుకు మిగిలింది ఏడు వారాలు. అది దాటితే వేరే ప్రయాణ పత్రానికి దరఖాస్తు పెట్టి కూర్చోవాలి. ఆసుపత్రి అంతకాలం ఉద్యోగం అట్టేపెట్టదు.

కొత్త పాస్‌పోర్టు తొందరగానే పోస్టులో వచ్చింది. అక్క సంతకం పెట్టి తీసుకుని, దేవుడి దగ్గర పెట్టమని నాన్న చేతికిచ్చింది.

నాన్నది చింతపండు, కొండచీపుళ్ల టోకు దుకాణం. దుకాణంలోకి ఏ కొత్త పుస్తకం వచ్చినా మొదటి పేజీలో పసుపుతో శ్రీకారం చుట్టి, నాలుగు మూలలా కుంకుమ పెట్టాకే వాడతారు. సాయంత్రం నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చి పాస్‌పోర్టు తెరిచాను. మొదటి వీసా పేజీ నిండా తడి పసుపు. మూసి పెట్టడంతో కుంకుమ ఎదుటి పేజీలో అక్క ఫొటోకూ అంటింది.

"ఇదేటి నాన్నా, ఏటి సేసేవు?"

"పైదేశం ఎల్లే పుస్తకం. బోడిగా పంపుతామేటి?"

"ఇది పాడైన పాస్‌పోర్టు కింద లెక్క. ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు."

"ఆపితే ఆ కార్డు సూపించమను. అయినా నీ కాగితం మొత్తం సదివేను. బొట్టెట్టొద్దని ఎక్కడ రాసేవురా?"

అక్క దూదితో తుడిచింది. రంగు పోలేదు, పేజీ మాత్రం గరుకుతేలింది.

మళ్లీ దరఖాస్తు. కోరాపుట్ పాస్‌పోర్టు కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరికింది. పెద్దవాడు వెంట ఉంటే పనవుతుందని నాన్న కూడా రైలెక్కారు. పాడవడానికి కారణం అన్నచోట 'తడి తగిలింది' అని రాశాను, అబద్ధం కాదు. కౌంటర్లో ఉన్నాయన పేజీ తిప్పి, ఇదెవరి పని అని ఒడియాలో అడిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న తన పనేనని ఒప్పుకుని, శ్రీకారం ఎందుకు చుట్టాలో కూడా వివరించడం మొదలుపెట్టారు. ఆయన ఓపిగ్గా విన్నారు. విని, కారణం మార్చి రాయమన్నారు. వివరణ పత్రం వేరుగా ఇమ్మన్నారు. మళ్లీ పోలీసు విచారణ ఉంటుందన్నారు.

"నాన్నా, నీకు దండం. ఇంక మాటాడకు," అంది అక్క బయటికొచ్చాక.

"ఆయనకి నచ్చిందే! తలూపేడు, సూడలేదేటి?"

ఆ తర్వాత ఎదురుచూడటమే. టికెట్టు ఒకసారి మార్చాం. ఆసుపత్రికి అక్క రెండుసార్లు ఉత్తరం రాసింది. కార్డుకు ఆ రోజుతో కలిపి మూడు రోజులుందనగా పోస్టు వచ్చింది. ఈసారి అక్క కవరు నేరుగా నా చేతికిచ్చింది. పేరు, పుట్టిన తేదీ, నంబరు, ప్రతి పేజీ చూశాను. ఆ రోజే విశాఖ రైలు.

"సూసేవా, శ్రీకారం సుట్టబట్టే మూడ్రోజులు ముందొచ్చింది," అన్నారు నాన్న ప్లాట్‌ఫారం మీద. నేను అక్క పెట్టె బోగీలోకి ఎక్కించాను.

మర్నాడు ఢిల్లీ ఎయిర్‌పోర్టు నుంచి అక్క ఫోన్ చేసింది. పాస్‌పోర్టు చూశారట, కార్డు కూడా అడిగారట, దాని మీద తేదీ చూసి ఇంకొకర్ని పిలిచారట.

"ఏటన్నారు?"

"రేపటిదాకా ఉంది, ఎల్లమన్నారు. ఎక్కేన్రా."